గుర్రం కింద రెండు పాదాలు

మాట రాని మీ బిడ్డను గుర్రం పొట్ట కింద నుంచి ఇటు నుంచి అటు మూడుసార్లు దాటిస్తే మాట వస్తుందని ఎవరో పెద్దావిడ చెబితే, మీరు దాటిస్తారా?

వెంటనే లేదు అనకండి. తొందరపడి లేదు అన్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళలో పిల్లలకు సైన్సు పాఠం చెప్పేవాళ్ళున్నారు. వేదిక మీద నా పక్కన కూర్చుని మూఢనమ్మకాలను చీల్చి చెండాడి, మర్నాడు కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినవాళ్ళున్నారు. కడుపు నిండి, బిడ్డ పక్కనే హాయిగా నిద్రపోతున్నప్పుడు మీరు చెప్పే జవాబు నాకు అక్కర్లేదు. భయం గొంతు దాకా వచ్చినప్పటి జవాబు చెప్పండి.

నేను నలభై ఏళ్ళుగా వాదించేవాణ్ణి. కాలేజీలో పాఠాలు చెప్పాను, సాయంత్రాలు సభల్లో మాట్లాడాను, పత్రికల్లో రాశాను. ఎందుకు అన్న ప్రశ్న వేయకుండా దేన్నీ ఒప్పుకోకూడదని ఊరూరా తిరిగి చెప్పాను. ఆ ప్రశ్న వేయాల్సిన చోట వేయకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను. రాయడం ఇష్టమై కాదు.

కంకిపాడు దాటి కాలువగట్టు మీద కొంత దూరం వెళితే మా పొలం వస్తుంది. ఒకప్పుడు వరి వేసేవాళ్ళం, తర్వాత కొన్నేళ్ళు నిమ్మతోట. ఇప్పుడు అందులో రెండు గుర్రాలున్నాయి. మా అమ్మాయి విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేది. దాని కూతురు, నా మనవరాలు, మూడేళ్ళు దాటినా పిలిస్తే తిరిగి చూసేది కాదు. మాట లేదు. డాక్టర్లు ఆ పరిస్థితికి ఒక పేరు చెప్పారు. పేరు తెలిసినంత మాత్రాన పిల్లకు దాహమైతే ఎలా చెబుతుందో తెలియలేదు. అమ్మాయి ఉద్యోగం మానేసి, గుర్రాల సాయంతో పిల్లలకు శిక్షణ ఇచ్చే పని నేర్చుకుని వచ్చి, మా పొలంలో మొదలుపెట్టింది. అల్లుడు పొద్దున్నే పటమటలో ఆఫీసుకు వెళ్ళి సాయంత్రానికి వస్తాడు. మిగిలిన మేమంతా పగలంతా అక్కడే, పొలంలోని ఇంట్లోనే.

గుర్రం నడుస్తున్నప్పుడు దాని వీపు ఊగే తీరు, మనిషి నడిచేటప్పుడు నడుము కదిలే తీరుకు దగ్గరగా ఉంటుంది. నడుము నిలవని పిల్లను దాని మీద కూర్చోబెట్టి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని నడిపిస్తే, పడకుండా ఉండటం కోసం ఆ పిల్ల ఒళ్ళే సర్దుకోవడం నేర్చుకుంటుంది. కొందరికి ఎక్కడం ఉండదు. బ్రష్ పట్టుకుని దువ్వడం, ఉలవలు కొలిచి పోయడం, గుర్రం ఆగితే తామూ ఆగడం, అదే పాఠం. ఇంతకుమించి ఏమీ లేదు. ఆ మాట గేటు దగ్గర బోర్డు మీద నేనే రాయించాను: ఇక్కడ మహిమలు లేవు, అభ్యాసం ఉంది.

అసలు సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నాకు గుర్రాలంటే భయం. నా చిన్నప్పుడు రైల్వేస్టేషను దగ్గర ఒక జట్కా గుర్రం తడిరోడ్డు మీద జారి పడి, లేవబోతూ తన్నిన తన్నుకు బండికొయ్య రెండు ముక్కలైంది. ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. మా షెడ్డులో తెల్లగుర్రం తల ఎత్తినప్పుడల్లా నా చెయ్యి తనంతట తనే జేబులోకి పోయేది. తల్లిదండ్రులకు కుర్చీలు వేసి మంచినీళ్ళిచ్చి, ఇది వైద్యమే తప్ప మహిమ కాదని ఉపన్యాసం ఇవ్వడం నా పని. షెడ్డు నుంచి ఇరవై అడుగుల దూరంలో నుంచే ఇచ్చేవాణ్ణి.

గుర్రాల పని చూసేది ఒక సాయిబు గారు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. వాళ్ళ నాన్న విజయవాడలో జట్కా తోలాడు. జట్కాలు పోయాక ఈయన పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పాడు. బ్యాండు మేళాలకూ టపాసులకూ అలవాటుపడి బెదరడం మరిచిపోయిన ఆడగుర్రం ఒకటి ఆయన దగ్గర ఉండేది. పెళ్ళివాళ్ళు కార్ల మీదకు మళ్ళాక దాన్నీ ఆయన్నీ కలిపి మా అమ్మాయి పొలానికి తీసుకొచ్చింది. మా ఇంట్లో అందరం దాన్ని తెల్లది అంటాం. ఆయన మాత్రం బేటీ అంటాడు.

ఆయనకు ఒక అలవాటుంది. రోజూ పొద్దున్న, పిల్లలు రాకముందు, గుర్రం మెడ మీద అరచెయ్యి ఆనించి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. చెయ్యి ఎత్తడు. మెడ, భుజం, పక్కటెముకలు, పొట్ట కింద, తొడ, వెనక నుంచి మళ్ళీ అటుపక్క. తిరుగుతున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉంటాయి. చుట్టు పూర్తయ్యాక నుదుటి మీద ఊదుతాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పలకడు.

ఒకరోజు ఆటపట్టించాను. "ఏంటి సాయిబు గారూ, గుర్రానికి ప్రదక్షిణా?"

"అలవాటండీ మాస్టారూ."

"ఎందుకని అలవాటు?"

"అబ్బాజాన్ చేసేవాడండీ. నేనూ చేస్తున్నా."

"ఆయనెందుకు చేసేవాడు?"

ఆయన నవ్వాడు. "ఆయన్ని నేనడగలేదండీ. అడిగితే చెంప పగిలేది."

నా నలభై ఏళ్ళ వాదనలో ఈ జవాబు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నాన్న చేశాడు, తాత చేశాడు. అక్కడికక్కడే నా మనసులో ఆ చుట్టును తాయెత్తుల పక్కన పెట్టేశాను. కారణం చెప్పలేకపోతే కారణం లేనట్టే అని తేల్చేశాను. ఇది నా తప్పు, మొదటిది. మనిషి నోటికి తెలియనిది అతని చేతికి తెలిసి ఉండవచ్చని నాకు తోచలేదు.

రెండో తప్పు ఇలా జరిగింది. మా దగ్గరికి పటమట నుంచి ఒక పెద్దావిడ మనవణ్ణి తీసుకుని వచ్చేది. మంచి మనిషి, చదువుకున్న కుటుంబం. ఒకరోజు కాస్త ముందుగా వచ్చి సాయిబు గారి చుట్టును చూసింది. మరుసటి వారం కుంకుమ భరిణె తెచ్చి గుర్రం నుదుటన బొట్టు పెట్టి, పిల్లాణ్ణి చంకనేసుకుని చుట్టూ మూడుసార్లు తిరిగింది.

"అమ్మా, ఏం చేస్తున్నారు?" అన్నాను దూరం నుంచే.

"ఆయన తిరుగుతున్నాడుగా మాస్టారు గారండీ. ఏదో ఉండబట్టే కదా. మా పుట్టింటివైపు పిల్లల్ని ఏనుగు పొట్ట కింద నుంచి దాటించేవాళ్ళు, దడుపు పోతుందని, మాట పెగులుతుందని. ఏనుగు ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు? గుర్రం కూడా పనికొస్తుందంట."

"పనికిరాదు. తంతుంది."

"మీరేమీ నమ్మరని అందరూ అంటారులెండి," అంది జాలిగా.

ఆమె వెనకే ఇంకో ఇద్దరు తల్లులు వినడం చూశాను. ఇంకో నెల పోతే మా బోర్డు కింద కొబ్బరికాయలు కొడతారని, శనివారాలు జనం బారులు తీరతారని, నా కూతురు నేర్చుకున్న విద్య అంతా ఒక మొక్కుబడిగా మారుతుందని కళ్ళకు కట్టింది. ఆ సాయంత్రమే సాయిబు గారిని పిలిచాను.

"రేపటి నుంచి ఆ చుట్టు తిరగడం ఆపేయండి."

ఆయన తలపాగా గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఎందుకండీ?"

గమనించారా? ఆ ప్రశ్న వేసింది ఆయన. నేను కాదు.

"చూసినవాళ్ళు పూజ అనుకుంటున్నారు."

"తెల్లారకముందే, ఎవరూ లేనప్పుడు తిరుగుతాను మాస్టారూ."

"అసలొద్దు. ఎవరో ఒకరు చూస్తారు."

"మీ ఇష్టమండీ," అని వెళ్ళిపోయాడు. తర్వాత తెలిసింది, ఆ మర్నాటి నుంచి ఆయన నిజంగానే ఆపేశాడని. దొంగచాటుగా చేసుకోవచ్చు కదా అని మా అమ్మాయి తర్వాత అడిగితే, వద్దన్న పని చాటుగా చెయ్యడం తనకు చేతకాదన్నాడు.

మా ఇంట్లో చాటుగా చెయ్యడం చేతనైన మనిషి వేరే ఉంది.

నా భార్య నా సభలకు వచ్చిన మనిషి. మా పెళ్ళి పురోహితుడు లేకుండా జరిగింది, అది ఆమె పట్టుదల వల్లే. ఇంట్లో దేవుడి పటం లేదు. ఆమె నాకన్నా మొండిగా వాదించగలదు. అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున్న, నేను గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతుండగా, అమ్మాయి ఫోనులో ఉండగా, సాయిబు గారు గడ్డి కోస్తుండగా, మా మనవరాలిని తీసుకుని తెల్లగుర్రం దగ్గరికి వెళ్ళింది. ఎడమ పక్కన నిలబడి పిల్లను వంచి పొట్ట కిందికి తోసింది. పిల్ల అటు తేలింది. చుట్టూ తిరిగి వెళ్ళి మళ్ళీ ఇటు తోసింది. మళ్ళీ అటు. మూడుసార్లు. గుర్రం చెవి కూడా కదపలేదట. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి మాకందరికీ టీ ఇచ్చింది. మేం తాగాం.

ఆ పిల్ల గురించి మీకు ఒక సంగతి చెప్పాలి. ఆరేళ్ళు దానికి. ఇరుకు, చీకటి ఉన్న చోట్లంటే దానికి ప్రాణం. మంచం కింద, టేబులు కింద, బియ్యం డ్రమ్ములకూ గోడకూ మధ్య. ఇంట్లో కనబడకపోతే ముందు వంగి చూస్తాం. అలాంటి చోట కూర్చుంటే దాని ఒంట్లో ఉన్న తత్తరపాటంతా తగ్గి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, మెల్లగా ఊగుతూ ఉంటుంది. పిలిస్తే రాదు. అరిస్తే చెవులు మూసుకుంటుంది. ప్రమాదం అన్నది దానికి ఇంకా అర్థం కాని మాట. కాలువ నీళ్ళకూ గచ్చు నేలకూ తేడా దానికి తెలుసో లేదో మాకు తెలియదు. అందుకే మాలో ఎవరమూ ఆ పిల్ల ఉన్న చోట నిశ్చింతగా ఒక పేపరు చదవలేదు ఇంతవరకు. కళ్ళు అక్షరాల మీద ఉన్నా ఒక చెవి దాని పాదాల చప్పుడు మీదే ఉంటుంది. ఆ చప్పుడు ఆగితే గుండె ఆగుతుంది.

నా భార్య దానికి మాట తెప్పించాలనుకుంది. పిల్ల నేర్చుకున్నది వేరు. గుర్రం కింద కూడా ఒక చోటు ఉందని నేర్చుకుంది.

ఆ తర్వాత నాలుగు రోజులు వాన. ఆగకుండా కురిసింది. పిల్లలెవరూ రాలేదు. గుర్రాలను బయటికి తియ్యలేదు. సాయిబు గారు వేళకు గడ్డి వేసి, తౌడు కలిపి, కింద లద్దె ఎత్తిపోసి వెళ్ళేవాడు. తెల్లది సరిగ్గా మేత ముట్టడం లేదని ఒకసారి అన్నాడు. ముసురుకి అలాగే ఉంటుందిలే అనుకున్నాం.

ఐదో రోజు పొద్దున్న తెరిపిచ్చింది. ఎండ వచ్చేసరికి నేలంతా ఆవిర్లు కక్కుతోంది. షెడ్డు ముందు తెల్లగుర్రాన్ని కట్టాడు సాయిబు గారు. నేను కుర్చీలు తుడుస్తున్నాను. అమ్మాయి లోపల పిల్లల హెల్మెట్లు ఎండబెట్టడానికి తీస్తోంది. నా భార్య వంటగదిలో ఉంది. మనవరాలు వరండాలో ప్లాస్టిక్ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెడుతోంది. ఆ గిన్నెల చప్పుడు వింటూనే ఉన్నాను.

ఒక కుర్చీ తుడిచాను. రెండో కుర్చీ తుడిచాను. చప్పుడు లేదు.

"పిల్లేది?" అన్నాను.

వరండాలో గిన్నెలున్నాయి. పిల్ల లేదు. కాలువ వైపు ఉన్న చిన్న గేటు గాలివానకు ఊడి వేలాడుతోంది.

నాలుగు రోజుల వానకు కాలువ నిండుగా, ఎర్రగా పారుతోంది. అమ్మాయి హెల్మెట్లు వదిలేసి చెప్పులు లేకుండా గట్టు మీదకు పరుగెత్తింది. నా భార్య చేతిలో గరిటతో పరుగెత్తింది. నేనూ వెనకే. నీళ్ళ మీద తూటికాడ తీగలు, ఒక కొబ్బరి మట్ట, ఎవరిదో చెప్పు. ఆ చెప్పు చూసి నా భార్య కుప్పకూలింది. పెద్దవాళ్ళ చెప్పు అది. అయినా నా కళ్ళకు చిన్నదిగా కనిపించింది, రెండుసార్లు చూస్తే గానీ నమ్మకం కలగలేదు.

"టేబులు కింద చూశారా? మంచం కింద?" అమ్మాయి అరుస్తోంది.

చూడటానికి అందరం వెనక్కి, షెడ్డు దాకా వచ్చాం. అప్పుడు కనిపించాయి. తెల్లగుర్రం నాలుగు కాళ్ళ మధ్య రెండు చిన్న పాదాలు.

మోకాళ్ళు ముడుచుకుని, పొట్ట కింద నీడలో కూర్చుని, మెల్లగా ఊగుతోంది. ఊగినప్పుడల్లా దాని తల గుర్రం పొట్టకు తగులుతోంది. తగిలినప్పుడల్లా గుర్రం చర్మం వణుకుతోంది. చెవులు రెండూ వెనక్కి పడుకున్నాయి. తోక కొరడాలా కొట్టుకుంటోంది. ఎడమ వెనక కాలు ఎత్తి, దించి, ఎత్తి, దించి. ఆ కాలికీ పిల్ల వీపుకీ మధ్య జానెడు దూరం లేదు. పెళ్ళి బాణాసంచాకు బెదరని గుర్రం అది. దాన్ని అలా ఎన్నడూ చూడలేదు.

అరుద్దామనుకున్నాను. వేల మంది ముందు మైకు లేకుండా మాట్లాడినవాణ్ణి, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నా కాళ్ళు ఆ ఇరవై అడుగుల దగ్గరే పాతుకుపోయాయి. బండికొయ్య విరిగిన చప్పుడు మళ్ళీ వినబడింది. ఇప్పటికీ సిగ్గుతో చెబుతున్నాను, నా మనవరాలు చావుకు జానెడు దూరంలో ఉంటే నేను ఒక్క అడుగు ముందుకు వెయ్యలేకపోయాను.

వెనక నుంచి నా భార్య అంది, ఎవరికీ కాకుండా, నేలకు చెబుతున్నట్టు: "నేనే దాటించాను. శనివారం. నేనే నేర్పాను."

సాయిబు గారు నీళ్ళ తొట్టి దగ్గర నుంచి వచ్చాడు. పరుగెత్తలేదు. చెయ్యి పైకెత్తి మమ్మల్ని ఆపాడు.

"ఎవరూ కదలొద్దు. పిల్లను పిలవొద్దు. అమ్మాయి గారూ, ఏడవకండి, గుర్రం వింటది."

గుర్రం మెడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. పెదాలు కదలడం మొదలైంది. మెడ. భుజం. నేను నిషేధించిన చుట్టే. నెమ్మదిగా, అదే తీరున, తొందర లేకుండా. ఆయన గొంతు వినగానే గుర్రం ఒక చెవి ముందుకు తిప్పింది. వెనక కాలు కింద పెట్టింది. ఆయన అలాగే చేత్తో తాకుతూ ఒంగాడు. ముందుకాలు వెనక, పొట్ట కింద ఆయన అరచెయ్యి ఒకచోటికి వెళ్ళగానే గుర్రం మొత్తం ఎగిరిపడినట్టు కదిలింది. ఆయన మొహంలో రంగు మారడం ఇరవై అడుగుల నుంచి నాకు కనిపించింది. మరుక్షణం ఎడమ చేత్తో పిల్ల గౌను పట్టి తనవైపు లాగాడు. కుడి చెయ్యి పిల్లకూ ఆ వెనక కాలికీ మధ్య అడ్డం పెట్టాడు.

గిట్ట వచ్చి ఆ చేతికి తగిలింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినబడింది.

పిల్ల ఆయన ఒళ్ళో ఉంది. ఏడుస్తోంది. తన చోటులోంచి లాగేశారని ఏడుస్తోంది. మీలో కొందరు ఇక్కడ ఒకటి ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. అమ్మా అనో తాతా అనో అందేమోనని. అనలేదు. ఇవాళ్టికీ అనలేదు. భయం మాట తెప్పించదు. ఆ అపోహ కూడా వదిలేయండి.

పశువుల డాక్టరు వచ్చి గుర్రాన్ని చూశాడు. పొట్ట కింద, జీను బిగించే పట్టీ ఆనే చోట, అరచెయ్యంత పుండు. నిలబడి చూస్తే కనబడదు. ఒంగినా నీడలో కనబడదు. ఈగలు ముసిరి చీము పట్టింది. పాత నూలుపట్టీ చివికిందని మా అమ్మాయి ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే చోట రెక్సినుతో కొత్తది కుట్టించింది. చెమటకు అది కోసింది. ముసురుకు ముదిరింది. పట్టీ అమ్మాయిది. దాటించింది నా భార్య. చుట్టు ఆపించింది నేను. ముగ్గురం చదువుకున్నవాళ్ళమే. పిల్ల మీద ప్రాణాలు పెట్టుకున్నవాళ్ళమే.

సాయిబు గారి ముంజేయి ఎముక రెండు చోట్ల విరిగింది. విజయవాడ ఆసుపత్రిలో కట్టు కట్టాక ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"మాస్టారూ, ప్రదక్షిణ చేసినందుకు చెయ్యి విరిగిందని రాస్తారా ఏంటి పేపర్లో?"

"ఆ చుట్టు ఎందుకో మీకు తెలుసు కదా. ఆరోజు నాకెందుకు చెప్పలేదు?"

"తెలుసని నాకు తెలీదండీ. చెయ్యి పెడితే వేడిగా ఉంటే తెలుస్తది. వాపుంటే తెలుస్తది. ఏ కాలు మీద బరువెయ్యట్లేదో తెలుస్తది. నోటితో చెప్పమంటే ఎక్కణ్ణించి చెప్పేది? పక్కన చెయ్యి పెట్టండి, చూపిస్తా."

"ఆ పెదాలు కదపడం?"

"మనిషి ఎక్కడున్నాడో దానికి తెలియాలి కదండీ. గొంతు ఆగితే బెదురుద్ది."

"ఏం చదువుతారు?"

"కొంచెం దువా. కొంచెం తిట్లు." నవ్వబోయి నొప్పికి మూలిగాడు.

"నన్ను క్షమించండి," అన్నాను.

"మీరు వద్దన్నారు, నేను మానేశా. నాకూ కోపం వచ్చింది లెండి. కోపం లేకపోతే ఇంకోసారి అడిగేవాణ్ణి." కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంట్లో మూడు రోజులు నా భార్యతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆమే అడిగింది.

"తిట్టండి. ఎన్నాళ్ళు దాచుకుంటారు?"

"నువ్వు. నువ్వెలా చేశావు ఆ పని?"

"ఎలా చేశానంటే ఏం చెప్పను? నమ్మి చెయ్యలేదు. పటమటావిడ చెప్పినప్పుడు మీరు కొట్టిపారేసినట్టే నేనూ కొట్టిపారేశాను. ఆ మధ్య పిల్లకు జ్వరం వచ్చింది చూడండి, అప్పుడు గ్లాసు వైపు చెయ్యి కూడా చూపించలేదు, పెదాలెండిపోయి అలాగే పడుకుంది. మనం పోయాక, దాని అమ్మానాన్నలు పోయాక, దాహమేస్తే ఇది ఎవరిని నీళ్ళడుగుతుంది? మీ ఉపన్యాసాలన్నీ విన్నాను. ఈ ప్రశ్నకు ఎక్కడా జవాబు లేదు. అందుకని చేశాను. అబద్ధమని తెలిసే చేశాను."

భయపడ్డ మనిషికి కావలసింది వాదన ఒక్కటే అనుకోవడం నా వృత్తిలోని గుడ్డితనం. కానీ ఆ భయాన్ని నేను గౌరవించినా, దాటింపును క్షమించను. చుట్టును పరీక్షించాను, అందులో పనుంది. దాటింపును పరీక్షించాను, అందులో గిట్ట తప్ప ఏమీ లేదు. రెంటినీ ఒకే గాట కట్టడం ఆమె తప్పూ నా తప్పూ కూడా. ఆమె ఏదైనా చేసి చూద్దామనుకుంది, నేను రెంటినీ తీసి పారేద్దామనుకున్నాను. చూడకుండానే, ఇద్దరమూ.

పుండు మానేదాకా శిక్షణ ఆపేశాం. గుర్రాన్ని వదిలించుకోమని చుట్టాలు చెప్పారు. అమ్మాయి వినలేదు. నొప్పి ఉన్న జంతువు నొప్పి అని చెప్పింది, వినాల్సింది మనం అంది. రెక్సిను పట్టీ పొయ్యిలో పెట్టింది. కాలువ వైపు గేటుకు గొళ్ళెం వేయించాం. గుర్రాల షెడ్డు చుట్టూ పిల్ల దూరలేనంత ఇరుకుగా కడ్డీలు పెట్టించాం. వరండా మూలలో పాత మంచం ఒకటి దుప్పట్లు వేలాడదీసి దానికే వదిలేశాం, దూరి కూర్చోవడానికి. అయినా గిన్నెల చప్పుడు ఆగితే ఇప్పటికీ ముగ్గురం ఒకేసారి లేస్తాం.

సాయిబు గారికి చెయ్యి ఇంకా పూర్తిగా లేవదు. అందుకని పొద్దున్న చుట్టు నేను తిరుగుతున్నాను. మొదటి రోజు ఆయన తన మంచి చేత్తో నా చెయ్యి పట్టుకుని గుర్రం మెడ మీద పెట్టాడు. నా చెయ్యి వణకడం చూసి, "అది కూడా అదే అనుకుంటోందండీ, ఈ ముసలాయన కరుస్తాడేమోనని," అన్నాడు. భయం పోలేదు. పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చినప్పుడు రోజూ నోరెండిపోతుంది. దువా నాకు రాదు, తిట్టడానికి ధైర్యం చాలదు, కాబట్టి పదమూడో ఎక్కం చదువుతాను. గుర్రానికి ఏ తేడా లేదు. గొంతు ఆగకపోతే చాలు.

పిల్లలు మళ్ళీ వస్తున్నారు. వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ ఈ కథంతా, నా భార్య చేసింది, నేను చేసింది, దాచకుండా చెబుతున్నాను. నా భార్యే చెప్పమంది. ఆ పటమట పెద్దావిడ కూడా అంతా వింది. తర్వాత కుంకుమ అంటిన వేలు చీరకు తుడుచుకుని, "నా చెయ్యి పెట్టించండి," అంది. ఇప్పుడు మా దగ్గర బిడ్డ గుర్రం ఎక్కే ముందు, ఎక్కించే తల్లో తండ్రో సాయిబు గారి పక్కన నిలబడి పట్టీ కింద తమ అరచెయ్యి పోనిచ్చి చూడాలి. భయమని వెనక్కి తగ్గినవాళ్ళ బిడ్డను ఆరోజు ఎక్కించం.

ఇక మీ సంగతి. మీ బిడ్డను మీరు ఏదో ఒకచోట అప్పగించే ఉంటారు. గుర్రం దగ్గర, ఈత కొలను దగ్గర, స్కూలు వ్యాను దగ్గర, మహిమ చేస్తానన్నవాడి దగ్గర, మెషిను చేస్తుందన్నవాడి దగ్గర. ఎవరో చూసుకుంటున్నారులే అని మీరు బయట కుర్చీలో కూర్చుని ఫోను చూస్తున్నారు. నేను కుర్చీలు వేసినవాణ్ణి, నాకు తెలుసు. రేపు పొద్దున్న ఆ కుర్చీలోంచి లేవండి. లోపలికి వెళ్ళండి. ఇవాళ దీన్ని ఎవరు తాకి చూశారు, ఏం చూశారు, నాకు చూపించండి అని అడగండి. నోటితో చెప్పలేకపోతే చేత్తో చూపించమనండి, ఓపికగా నిలబడండి. చూపించనివాడి దగ్గర నుంచి, చూడక్కర్లేదు నమ్మండి అన్నవాడి దగ్గర నుంచి, మీ బిడ్డను ఆ నిమిషమే ఎత్తుకుని ఇంటికి తీసుకురండి.